కప్పకు గుండెలెన్ని?

పిల్లలూ! కప్పకు గుండెలెన్ని అని ఎవరైనా అడిగితే "ఒకటి" అని మీరు ఠక్కున చెప్పేస్తారు. ఆ గుండెకు మూడు గదులుంటాయనీ, వాటిలో రెండు కర్ణికలు, ఒకటి జఠరిక అనీ కూడా చెప్పగలరు. పరీక్షలో ఆ జవాబుకు పూర్తి మార్కులు వస్తాయి. కాని సంగతి అంతటితో అయిపోలేదు. రక్తాన్ని నడిపే గుండె ఒకటే. దానికి తోడు మామూలు కప్పకు మరో నాలుగు చిన్న గుండెలున్నాయి. రెండు ముందువైపు రెక్క ఎముకల కింద ఉంటాయి. మిగిలిన రెండూ వెన్నెముక చివర అటొకటి, ఇటొకటి చర్మం కిందనే ఉంటాయి. ఇవి కూడా ఆగకుండా కొట్టుకుంటాయి. అయితే ఇవి నడిపేది రక్తాన్ని కాదు, శోషరసాన్ని. అందుకే వీటిని శోషరస హృదయాలంటారు.

ముప్పై ఏళ్లుగా జీవశాస్త్రం చెబుతున్న వాడిగా నా అభిప్రాయం ఒకటుంది. రక్తప్రసరణ పాఠంలో మనం గుండె, ధమనులు, సిరలు అంటూ పది రోజులు గడుపుతాం. శోషరసం దగ్గరకు వచ్చేసరికి ఒక పేరా చదివి పేజీ తిప్పేస్తాం. ఇది సరికాదు. రక్తం నుంచి శోషరసానికి, శోషరసం నుంచి మళ్లీ రక్తానికి నీరు ఎట్లా పోయి వస్తున్నదో తెలియకపోతే ప్రసరణ పాఠం సగమే తెలిసినట్టు. ఆ మిగతా సగాన్ని మనకు అన్నిటికన్న స్పష్టంగా చూపించే జంతువు కప్ప.

ఊరే గొట్టాలు

రక్తం శరీరంలో చుట్టూ తిరిగి మళ్లీ గుండెకే చేరుతుందని 1628లో ఇంగ్లండుకు చెందిన విలియం హార్వే నిరూపించాడు. అయితే ధమనుల్లోని రక్తం సిరల్లోకి ఏ దారిన వెళుతుందో ఆయన చూడలేకపోయాడు. 1661లో ఇటలీ శాస్త్రజ్ఞుడు మార్సెల్లో మాల్పీజీ సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తిని పరిశీలించి, ఆ రెంటినీ కలిపే సన్నని రక్తకేశనాళికల్ని కనుగొన్నాడు. హార్వే చెప్పిన వలయం అట్లా పూర్తయింది.

ఈ కేశనాళికల గోడ మందం ఎంతో తెలుసా? ఒక్క కణం మందం మాత్రమే. అంత పలుచని గోడలోంచి నీరు, లవణాలు, ఆహార పదార్థాలు బయటికి ఊరుతూ ఉంటాయి. కొద్దిగా మాంసకృత్తులు కూడా జారిపోతాయి. ఇట్లా ఊరిన ద్రవం కణాల మధ్య ఖాళీల్లో నిండుతుంది. దీన్ని కణజాల ద్రవం అంటారు. మన కణాలన్నీ ఈ ద్రవంలో తడుస్తూనే బతుకుతాయి. ఇదే ద్రవం శోషరస నాళాల్లోకి చేరినప్పుడు దాన్ని శోషరసం అంటాం. పేర్లు వేరైనా నీరు ఒకటే.

నీటిని బయటికి నెట్టేదేమిటి? రక్తపు ఒత్తిడి. మరి లోపలికి లాగేదేమిటి? ఇది తెలియాలంటే ఎండాకాలంలో మీ ఇంట్లో మాగాయ పెట్టేటప్పుడు జాడీలోకి తొంగి చూడండి. మామిడి ముక్కలకు ఉప్పు కలిపి ఉంచితే మర్నాటికి ముక్కలు ఊట వదులుతాయి. బయట ఉన్న ఉప్పు ముక్కలోని నీటిని లాగింది. రక్తంలోని మాంసకృత్తులు కూడా ఇట్లాగే నీటిని నాళంలోకి లాగి ఉంచుతాయి. నెట్టే బలం, లాగే బలం — ఈ రెంటి బేరీజు మీదనే నీరు ఎటు పోవాలో తేలుతుందని 1896లో లండన్‌లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ చెప్పాడు. 1926లో అమెరికాకు చెందిన యూజీన్ లాండిస్ కప్ప పేగుల్ని పట్టి ఉంచే పలుచని పొరలోని కేశనాళికల్లోకి అతి సన్నని గాజు గొట్టాన్ని గుచ్చి లోపలి ఒత్తిడిని నేరుగా కొలిచాడు. అక్కడా పనికి వచ్చింది కప్పే.

దీన్నిబట్టి పుస్తకాల్లో ఒక బొమ్మ స్థిరపడిపోయింది. కేశనాళిక మొదటి కొసన ఒత్తిడి ఎక్కువ గనక నీరు బయటికి పోతుంది. చివరి కొసన ఒత్తిడి తగ్గుతుంది గనక దాదాపు అంతా తిరిగి లోపలికి వస్తుంది. మిగిలిన కాస్తా శోషరసంగా వెళుతుంది. ఈ బొమ్మ చూసిన విద్యార్థికి శోషరసం అంటే ఏదో మిగులు సరుకు అనిపించడంలో వింత లేదు.

కాని 1987లో మైకేల్, ఫిలిప్స్ అనే శాస్త్రజ్ఞులు మళ్లీ కప్ప కేశనాళికలతోనే ప్రయోగం చేసి చూశారు. నాళంలో ఒత్తిడి తగ్గించగానే బయటి నీరు లోపలికి రావడం మొదలైంది, నిజమే. అయితే కొద్ది నిమిషాల్లోనే అది ఆగిపోయింది. కారణం ఆలోచిస్తే మీకే తడుతుంది. నీరు లోపలికి పోతుంటే బయట మాంసకృత్తులు చిక్కబడతాయి. అవి కూడా నీటిని తమవైపు లాగుతాయి. అంటే చాలా అవయవాల్లో, బయటికి ఊరిన నీరు వచ్చిన దారినే ఎంతోకాలం వెనక్కి పోలేదు. తిరిగి రక్తంలో కలవడానికి దానికున్న రాజమార్గం శోషరసమే. మూత్రపిండాలు, పేగుల వంటి కొన్ని చోట్ల మాత్రం నీరు నాళాల్లోకి నిరంతరం వెనక్కి వస్తుంది.

చర్మం కింద చెరువులు

ఇప్పుడు కప్ప దగ్గరకు వద్దాం. కప్పలో రక్తపోటు మనకన్న చాలా తక్కువ. కాబట్టి నీరు బయటికి ఊరడం కూడా తక్కువే ఉండాలని మీరనుకోవచ్చు. జరిగేది దానికి తలకిందులు. కప్ప కేశనాళికల గోడలు మన వాటికన్న బాగా ఊరే గోడలు. వాటిలోంచి మాంసకృత్తులు కూడా సులువుగా జారిపోతాయి. మన రక్తంలో మాంసకృత్తులు నీటిని లాగి ఉంచే బలం సుమారు 25 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడికి సమానం. కప్పలో అది అందులో సగం కూడా ఉండదు. నెట్టే బలం తక్కువైనా, ఆపే బలం అంతకన్న తక్కువ. అందుచేత నీరు ధారాళంగా బయటికి పోతుంది.

ఎంత ధారాళంగా? మన శరీరంలో ఒక రోజులో శోషరస మార్గాన తిరిగి వచ్చే ద్రవం, రక్తంలోని మొత్తం ప్లాస్మాకు దాదాపు సమానం. శరీర బరువుతో పోల్చి లెక్క వేస్తే కప్పల్లో శోషరసం తయారయ్యే వేగం క్షీరదాలకన్న సుమారు పది రెట్లు ఎక్కువ. అంటే కప్ప రక్తంలోని ప్లాస్మా ఒక్క రోజులో ఎన్నోసార్లు నాళాలు దాటి బయటికి పోయి, మళ్లీ లోపలికి వస్తున్నదన్నమాట!

ఈ నీరంతా ఎక్కడ చేరుతుంది? కప్ప చర్మం వదులుగా ఉంటుందని మీరు గమనించే ఉంటారు. 1980లలో ఇంటర్మీడియట్ చదివిన మా తరం కప్పను కోసి నేర్చుకున్నది. కండ నుంచి దాని చర్మం ఎంత సులువుగా విడివడుతుందో మా అందరికీ గుర్తే. కారణం, ఆ చర్మం కండకు అంతటా అంటుకుని ఉండదు. కొన్ని గీతల వెంబడి మాత్రమే పలుచని అడ్డుగోడలతో అతికి ఉంటుంది. ఆ గోడల మధ్యనున్న ఖాళీలే శోషరస సంచులు. పొలాల మధ్య గట్లు ఎట్లాగో కప్ప చర్మం కింద ఈ గోడలు అట్లాగ.

చెరువులో నీరున్నంత మాత్రాన కాలువకు ఎక్కదు గదా! సంచుల్లో ఒత్తిడి చాలా తక్కువ, సిరల్లో అంతకన్న ఎక్కువ. పైగా పొట్టవైపు సంచులు కింద ఉంటాయి, శోషరస హృదయాలు వీపువైపు పైన ఉంటాయి. కప్ప కదిలినప్పుడు కండరాలు నొక్కడం వల్లా, ఊపిరితిత్తులు ఉబ్బి తగ్గడం వల్లా శోషరసం పైకి చేరుతుంది. అక్కడి నుంచి శోషరస హృదయాలు దాన్ని సిరల్లోకి తోస్తాయి. వెనక్కి రాకుండా కవాటాలు అడ్డుకుంటాయి.

ఈ హృదయాలను గురించి జర్మనీ శాస్త్రజ్ఞుడు యోహానెస్ ముల్లర్ 1833లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు. అవి నిమిషానికి 50, 60 సార్లు కొట్టుకుంటాయి. కాని అసలు గుండెతో లయ కలపవు. ఊపిరితో కూడా కలపవు. మరో విశేషం చూడండి. అసలు గుండెను శరీరం నుంచి వేరు చేసినా కొంతసేపు తనంత తానే కొట్టుకుంటుంది. శోషరస హృదయాలు అట్లా కాదు. వాటికి వెన్నుపాము నుంచి నాడుల ద్వారా ఆజ్ఞ రావాలి. వెన్నుపాము చెడితే అవి ఆగిపోతాయి.

ఉభయచరాలన్నిటికీ నాలుగే ఉంటాయనుకోకండి. తోక ఉండే సాలమాండర్లలో శోషరస హృదయాలు పది జతలకు పైగా ఉండవచ్చు. మన పడమటి కనుమల్లో కూడా కనిపించే, వానపాములాంటి కాళ్లు లేని సిసీలియన్లలో ఇవి వందకు పైబడి ఉంటాయి.

అవి ఆగిపోతే?

ఒక అవయవం విలువ అది పనిచెయ్యడం మానినప్పుడు తెలుస్తుంది. గరుకు చర్మపు కప్పల్లో శోషరస హృదయాల్ని నాశనం చేస్తే ఏమవుతుందో 1943లో ప్రచురితమైన ఒక పరిశోధన తేల్చింది. రక్తం ఒక్క చుక్క నేల మీద పడలేదు. గుండెకు గాయం కాలేదు. అయినా ఆ కప్పలు చనిపోయాయి. కారణం సులువే. నీరు నాళాల నుంచి బయటికి పోతూనే ఉంది. తిరిగి తెచ్చే దారి మూతపడింది. ప్లాస్మా తరిగిపోయి రక్తం చిక్కబడింది. గుండె ఎంత కొట్టుకున్నా, తిప్పడానికి తగినంత రక్తం లేకపోయింది. తన రక్తంలోని నీరు తన చర్మం కిందనే ఉండి కూడా ఆ ప్రాణికి అక్కరకు రాలేదు.

ఇదే ఏర్పాటు కప్పకు కరువు కాలంలో రక్షగా నిలుస్తుంది. కప్ప నోటితో నీళ్లు తాగదు. తడినేల మీద కూర్చుని పొట్ట అడుగు చర్మంతో పీలుస్తుంది. నేల ఎండిపోయినప్పుడు అదే చర్మం గుండా నీరు ఆవిరైపోతుంది. మనిషి ఒంట్లోని నీటిలో పదో వంతు పోతేనే ప్రమాదం. చాలా కప్పలు మూడో వంతు పోయినా తట్టుకోగలవు. అప్పుడు అవి మూత్రాశయంలో దాచిన పలుచని నీటినీ, శోషరస సంచుల్లోని ద్రవాన్నీ రక్తంలోకి చేర్చుకుని గుండెకు పని తగ్గకుండా చూసుకుంటాయి. గాయమై రక్తం పోయినప్పుడు కూడా ఆ లోటును పూడ్చేది ప్రధానంగా ఈ శోషరసమే. వానలు లేని నెలల్లో మట్టిలో దాగిన కప్ప తొలకరికి బయటికి వచ్చి బెకబెకమంటున్నదంటే, దాని వెనుక ఈ నీటి పొదుపు కూడా ఉన్నది.

మన కాలికీ కప్ప గుండెకూ ఏమి సంబంధం?

"కప్ప సంగతి మనకెందుకు మాస్టారూ?" అని మీలో కొందరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఉండే పిల్లలకు ఒక సంగతి బాగా తెలుసు. పొలానికి నీరు తెచ్చే కాలువ ఒక్కటే చాలదు. అదనపు నీటిని తీసుకుపోయే మురుగు కాలువ కూడా ఉండాలి. మురుగు కాలువ పూడిపోతే చేను ఊబి అయిపోతుంది. శరీరంలో కూడా అంతే. కాకపోతే డెల్టా మురుగు సముద్రంలో కలుస్తుంది, శరీరంలో శోషరసం మళ్లీ రక్తంలోనే కలుస్తుంది.

మనకు శోషరస హృదయాలు లేవు. మన శోషరస నాళాల గోడలే ముడుచుకుని తెరుచుకుంటూ ద్రవాన్ని పైకి నడుపుతాయి. నడిచేటప్పుడు కాలి కండరాలు సాయం చేస్తాయి. అందుకే బస్సులో రాత్రంతా కదలకుండా కూర్చుంటే తెల్లవారేసరికి పాదాలు కాస్త ఉబ్బుతాయి. ఇది నడిస్తే పోయే వాపు.

పోని వాపు ఒకటుంది. అదే బోదకాలు. కోస్తా జిల్లాల్లో ఈ జబ్బును ఎరగని ఊరు తక్కువ. మురికినీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టినప్పుడు ఒక సన్నని పురుగు పిల్లలు మన ఒంట్లో చేరతాయి. అవి పెరిగి శోషరస నాళాల్లో కాపురం పెడతాయి. క్రమంగా ఆ నాళాలు దెబ్బతింటాయి. కాలిలోకి ఊరిన నీటికి తిరిగి వెళ్లే దారి ఉండదు. గుండె బాగానే ఉంటుంది, రక్తం తిరుగుతూనే ఉంటుంది. కాలు మాత్రం ఏళ్ల తరబడి లావెక్కుతుంది.

బోదకాలు ఉన్న అవ్వను చూసి, అది ఏ జన్మలోనో చేసిన పాపం అని గుసగుసలాడే వాళ్లను నేను విన్నాను. ఆ అవ్వ మనవడు మన తరగతిలోనే కూర్చుని రక్తప్రసరణ పాఠం వింటూ ఉంటాడు. గుండె బొమ్మకు చక్కగా రంగులు వేస్తాడు. కాని తన ఇంట్లో కళ్లెదుట ఉన్న కాలికి ఆ పాఠంలో జవాబు దొరకదు. ఆ జవాబు ఉన్నది మనం తిప్పేసిన పేజీలో. 2004 నుంచి బోదకాలు ప్రాంతాల్లో ఇంటింటికీ మాత్రలు పంచుతున్నారు. "నాకేమీ లేదుగా" అని చాలామంది వాటిని మింగకుండా అవతల పెడతారు. పురుగు ఏ లక్షణమూ లేకుండా ఏళ్ల తరబడి నాళంలో ఉండగలదనీ, నాళం పాడైన తరువాత దాన్ని పూర్వంలా చెయ్యడం కష్టమనీ తెలిసిన పిల్లవాడు ఇంట్లో ఉంటే ఆ మాత్ర కిటికీలో మిగలదు. పాఠానికి ఇంతకన్న ప్రయోజనం ఏమి కావాలి?

కత్తి అక్కరలేదు

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది, "పాఠ్యప్రణాళిక ఇప్పటికే బరువు. శోషరసం మీద వచ్చేది ఒకటో రెండో మార్కుల ప్రశ్న" అని. బరువు సంగతి నిజమే. కాని నేను కొత్త పాఠం చేర్చమనడం లేదు. ఉన్న పాఠంలో గుండె గదుల పేర్లకు ఇచ్చే సమయంలోంచి ఒక్క పీరియడు తీసి దీనికి ఇవ్వమంటున్నాను. కవాటాల పేర్లు కొన్నాళ్లకు మరచిపోతాం. నీరు బయటికి పోతుంది, తిరిగి రావాలి అన్న ఒక్క మాట మరచిపోము.

రెండవది, "కప్పను కొయ్యకుండా కప్పను ఎట్లా చెబుతాం?" అని. కొయ్యనే అక్కరలేదు. బడుల్లో కోతలు ఆగిపోయి చాలా కాలమైంది. 2014లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం కళాశాలల్లో కూడా వాటిని మానుకోమన్నది. అది మంచిదే. 1943 నాటి ప్రయోగం ఒకసారి జరిగింది, ఫలితం నమోదైంది. దాన్ని ప్రతి బడిలోనూ మళ్లీ చేసి కప్పల్ని చంపడం వల్ల కొత్తగా తెలిసేది లేదు. నిజానికి కోతబల్ల మీద శోషరస వ్యవస్థ సరిగా కనిపించదు. చర్మం కత్తిరించగానే సంచి తెగి ద్రవం కారిపోతుంది. వెన్నుపామును పాడుచేసిన కప్పలో శోషరస హృదయాలు ఆగిపోతాయి. బతికి ఉన్న కప్పలోనే అది బతికి ఉంటుంది.

కాబట్టి దీన్ని మీరే ఒక నమూనాగా చేసి చూడండి. కొళాయి ఉన్న నీళ్ల డబ్బాను స్టూలు మీద పెట్టండి. కొళాయికి ఒక సన్నని ప్లాస్టిక్ గొట్టం తగిలించండి. పెద్దవాళ్ల సాయంతో కాల్చిన సూదితో ఆ గొట్టానికి పది పన్నెండు చిల్లులు వేయించండి. చిల్లులున్న భాగం కింద వెడల్పాటి పళ్లెం ఉంచండి. గొట్టం కొసను ఒక గిన్నెలో వదలండి. ఇప్పుడు ఒకరు గిన్నెలోని నీటిని చెంబుతో తిరిగి డబ్బాలో పోస్తూ ఉండాలి. ఆ పిల్లవాడే గుండె. మరొకరు పళ్లెంలోకి కారిన నీటిని తిరిగి డబ్బాలో పొయ్యాలి. ఆ అమ్మాయి శోషరస హృదయం. ఇద్దరూ పనిచేస్తున్నంతసేపు డబ్బాలో నీటిమట్టం దాదాపు నిలకడగా ఉంటుంది. ఇప్పుడు రెండో వాళ్లను ఆగమనండి. మొదటి పిల్లవాడు ఎంత శ్రద్ధగా పోస్తున్నా డబ్బా ఎట్లా ఖాళీ అవుతుందో చూడండి. ఆ నీరు ఎక్కడికి పోయిందో కూడా చూడండి. పళ్లెం నిండి పొర్లుతుంది. ఖాళీ అయిన డబ్బా 1943 నాటి కప్ప రక్తం. పొర్లే పళ్లెం అవ్వ కాలు.

వర్షాకాలంలో ఇంకో పని చెయ్యవచ్చు. గట్టు పక్కన కదలకుండా కూర్చున్న కప్ప కనిపిస్తే దాన్ని పట్టుకోకుండా, తరమకుండా కొంచెం దూరాన కూర్చోండి. గొంతు కింద కదిలేది దాని ఊపిరి. అది కాదు మీకు కావలసింది. వీపు చివర, వెన్నెముక ముగిసే చోట రెండు పక్కలా చూడండి. కప్ప చర్మం పలుచగా ఉండి, మీకు ఓర్పు ఉంటే అక్కడ చర్మం సన్నగా అదరడం కనిపించవచ్చు. నిమిషానికి ఎన్నిసార్లు అదురుతున్నదో లెక్కపెట్టి నోటు పుస్తకంలో రాసుకోండి. గొంతు కదలికను కూడా లెక్కపెట్టి పక్కన రాయండి. రెండు సంఖ్యలూ ఒకటేనా? కాకపోతే ఎందుకు కావో మీ మాస్టారును అడగండి. ఆయన ఆ పేజీ తిప్పేసి ఉంటే, మీ ప్రశ్నే ఆయన చేత ఆ పేజీని మళ్లీ తెరిపిస్తుంది.